అమ్మ పేరు మీద బండి

మా నాన్న తన జీవితంలో అప్పు చేసి ఎరగడు. మంగళగిరిలో నేతగాళ్ళ దగ్గర చీరలు కొని బెజవాడ కొట్లకు వేసే వ్యాపారం ఆయనది. చేతిలో ఎంత ఉంటే అంతే సరుకు తెచ్చేవాడు. ఆ మూట భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక బస్సు మెట్లు ఎక్కడమే కష్టమైపోయింది. బాబాయి బండి మీద ఎప్పుడో నడపడం నేర్చుకున్నాడు, లైసెన్సూ ఉంది. లేనిదల్లా బండే.

"వాయిదాల మీద తీసుకుందాం నాన్నా," అన్నాను. అప్పుడే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో చేరాను. నా క్రెడిట్ కార్డు మీద కొందామంటే దాని లిమిట్ సగం బండికి కూడా చాలదు. అప్పు అన్న మాట వినగానే నాన్న మొహం చిట్లించాడు. అమ్మా నేనూ పోరగా పోరగా, ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని షోరూముకు బయల్దేరాడు.

అక్కడ ఫైనాన్స్ చూసే అతను నాన్న వివరాలు కంప్యూటర్లో కొట్టి, కాసేపు చూసి, ఇబ్బందిగా నవ్వాడు.

"మీకు క్రెడిట్ స్కోరు రావట్లేదండీ. ఇంతకుముందు లోన్లేమీ తీసుకోలేదా సార్?"

"లేదండీ. ఎవరికీ రూపాయి బాకీ లేను," అన్నాడు నాన్న గర్వంగా.

"అదేనండీ ఇబ్బంది. తీసుకుని కట్టినట్టు ఉంటేనే కదండీ మాకు తెలిసేది."

నాన్న నా వైపు తిరిగాడు. "అప్పు చెయ్యకపోవడం కూడా తప్పేనంటమ్మా?"

ఆయన ఇన్నేళ్ళూ కాపాడుకున్న మాట అక్కడెవరికీ కనిపించడం లేదు. పోనీ నా పేరు మీద ఇమ్మంటే, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, కుదరదన్నారు.

అంతదాకా పక్కన కూర్చుని వింటున్న అమ్మ, సంచీలోంచి తన ఆధార్, పాన్ కార్డులు తీసి బల్ల మీద పెట్టింది. "నాది చూడండి బాబూ."

"నీకేముంటుందే?" అన్నాడు నాన్న.

అతను చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "మేడమ్ గారికి చాలా బాగుందండీ. మేడమ్ పేరు మీద ఇచ్చేస్తాం."

బాగుండక ఏం చేస్తుంది? నా కాలేజీ ఫీజుల కోసం అమ్మ తన గాజులు బ్యాంకులో పెట్టేది, విడిపించేది, మళ్ళీ పెట్టేది. డ్వాక్రా లోను వాయిదా ఒక్కనాడూ తప్పలేదు. నాన్నకు ఇవేవీ గిట్టేవి కావు. అమ్మ బ్యాంకు నుంచి వస్తుంటే "వచ్చిందమ్మా అప్పులక్క" అని ఏడిపించేవాడు.

"అప్పులక్కకి హామీదారు కావాలంట. ఇక్కడ సంతకం పెట్టండి," అంది అమ్మ కాగితం జరుపుతూ.

నాన్న పగలబడి నవ్వాడు. పొద్దుట్నుంచీ బిగుసుకుపోయిన మనిషి అప్పటికి తేలికపడ్డాడు. బండి ఇచ్చేటప్పుడు షోరూమువాళ్ళు ఫొటోకి రమ్మంటే అమ్మను ముందుకు తోసి, "ఓనరు నువ్వే కదా, తాళాలు నువ్వే తీసుకో," అని తాను పక్కకు జరిగాడు.

ఆ తర్వాత నాన్నకు వాయిదా పెద్ద దిగులైంది. గడువు ఇంకా ఉండగానే అమ్మ ఖాతాలో డబ్బు వేసేవాడు, పడిందో లేదో నన్ను ఫోన్‌లో చూడమనేవాడు. ఇంకా టైముంది కదా నాన్నా అంటే, "మీ అమ్మ పేరు పాడవకూడదు," అనేవాడు. చీరల మూట తప్ప ఆ బండి మీద ఇంకెవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. బాకీ తీరేదాకా షికార్లు వద్దన్నాడు. ఓనరు కూడా సరేనంది.

బాకీ తీరినట్టు కాగితం చేతికొచ్చిన ఆదివారం, ఇద్దరూ కూచిపూడిలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి బండి మీద వెళ్ళారు. అంతకుముందు ఎక్కడికెళ్ళినా బస్సే. అమ్మ ముందు ఆడవాళ్ళ సీట్లలో, నాన్న వెనకాల. బస్సు దిగాకే మళ్ళీ మాటలు.

సాయంత్రం తిరిగొచ్చాక, పెద్దమ్మ ఎలా ఉందని అడిగాను.

"బానే ఉందిలే," అని అమ్మ ఆ మాట అక్కడే వదిలేసింది. "మీ నాన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారే! పెళ్ళికి ముందు మద్రాసులో ఏదో బట్టల కొట్లో పనికి కుదిరి, వారం తిరక్కుండా ఏడ్చుకుంటూ పారిపోయొచ్చారంట. ఇన్నేళ్ళలో నాకెప్పుడన్నా చెప్పారా?"

వాకిట్లో బండి తుడుస్తున్న నాన్న అక్కణ్ణుంచే అరిచాడు.

"ఏడవలేదే! బెంగ పెట్టుకున్నానని చెప్పాను, అంతే!"