వంత కోసం ఆగిన పాట

నౌపడ రైల్వే స్టేషను నుండి ఉప్పుమడుల వైపు వెళ్ళే దారిలో ఈశ్వరి గారి కిరాణా దుకాణం ఉంది. దాని మీది గదిలో ఆమె కుమారుడు ఉమాశంకర్ నివసిస్తాడు. ‘నివసిస్తాడు’ అన్న క్రియను ఏరి వాడుతున్నాను. ఒకచోట ఉండడం వేరు, నివసించడం వేరు. కరోనా కాలంలో ఊరంతా ఇళ్ళలో ఉండి, ఆ తరువాత బయటికి వచ్చింది. అతడు మాత్రం రాలేదు.

ఉన్నత పాఠశాలలో నా దగ్గర తెలుగు చదివినవాడు. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని, ఎక్కడో ఉన్న సంస్థకు ఇంటి నుండే పనిచేస్తున్నాడు. ఫ్రిజ్జు చల్లబడలేదనీ, చెప్పుల జతలో రెండూ ఎడమకాలివే వచ్చాయనీ మొరపెట్టుకొనే వారికి “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని టైపు చేయడం అతని ఉద్యోగం. పగలంతా ఊరూ పేరూ తెలియని జనంతో సంభాషణే. నోటి నుండి మాత్రం ఒక్క మాట వెలువడదు. క్రమంగా మనుషుల ఎదుట పడితే గుండెదడ, అరచేతుల్లో చెమట మొదలయ్యాయి. దుకాణంలో నలుగురు పోగైతే మెట్ల మీద నుండే వెనుదిరిగేవాడు. టెక్కలిలో వైద్యుడు మందులు రాసి, మెల్లగా జనంలో కలవమన్నాడు. మందుల వరకు ఆ మాట విన్నాడు. జనం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

అతనికి తోడు ఒక జముకు. కుంచం వంటి పాత్రకు ఒకవైపు తోలు బిగించి, లోపలి తీగను మీటితే అది గొణిగినట్లు మోగుతుంది. జముకుల కథ చెప్పే ఎర్రన్న, దుకాణానికి పొగాకు కోసం వచ్చినప్పుడల్లా, చిన్ననాటి ఉమాశంకర్‌ను అరుగు మీద కూర్చోబెట్టుకొని దానిని నేర్పాడు. ఆ కథకు ఒక మర్యాద ఉంది. కథకుడు ఒక చరణం పాడి ఆగాలి. పక్కనున్న వంతగాడు ‘ఊ’ కొట్టాలి, ప్రశ్నించాలి, వెక్కిరించాలి. ఆ తరువాతనే కథ ముందుకు కదలాలి. “వంతోడి మాట మింగీకురా, పాపం తగుల్తాది” అని ఎర్రన్న పదే పదే హెచ్చరించేవాడు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టడానికి పాఠకులు అనుమతించాలి. ‘ఊ’ అనేది అవ్యయం. దానికి లింగం లేదు, వచనం లేదు, విభక్తి అంటదు. అయినా, ఇద్దరు మనుషులను అది కలిపినంత గట్టిగా షష్ఠీ విభక్తి కూడా కలపలేదని నా అభిప్రాయం. పండితులు మన్నింతురు గాక.

గడచిన వానాకాలంలో ఉమాశంకర్ ఆ గదిలోనే, ఒక్కడే, గంటసేపు సాగే హాస్య సంగీత ప్రదర్శన ఒకటి తయారుచేశాడు. కిటికీకి దుప్పటి కట్టి, బియ్యం బస్తాల మీద ఫోను నిలిపి, జముకు వాయిస్తూ, తన భయం మీద తానే పాటలు కట్టి పాడాడు. వాటిలో ఒకటి:

“సేతిలో ఉన్నాది లోకం, సెవిలో ఉన్నాది గోల,
పక్కింటోడి పేరేటో సెర్చి సేత్తే రాదేల?”

మరొకటి, లైకు కొట్టని బావను తలచుకొని తెల్లవార్లూ కుమిలిపోయే వాడి గోడు. ఆ ప్రదర్శనను ఇంటర్నెట్టులో పెట్టే ముందు తల్లితో ఇలా అన్నాడట: “అమ్మా, ఇది జనాలకి నచ్చిందనుకో, కిందికొచ్చి ఎర్రన్న మావ పక్కన కూకుని పాడతాను. నచ్చనేదనుకో, ఇంక జముకు ముట్టను. కిందికి రమ్మని నన్నడక్కు.” ఆ మాట నాకు చెబుతూ ఈశ్వరి గారు తూచిన పప్పునే మళ్ళీ తూచారు.

జనానికి నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం పాటలు కావు. ఒంటరిగా పాడుతున్నా, అతడు ప్రతి చరణం తరువాత వంత కోసం ఆగాడు! చిన్ననాటి అలవాటు అది; తాను ఆగుతున్నానన్న ఎరుక కూడా లేదు. మాట లేకుండా, తల కొంచెం వంచి, ఎవరో బదులు చెబుతున్నట్లు కెమెరా వైపు చూస్తూ కూర్చున్నాడు. చూసినవారు వీడియో బిగుసుకుపోయిందనుకున్నారు. “నెట్టు పోనాదేటి?” అని ఒకరు. “అన్నా, మా ఇంట్లో రౌటరు ఆపి మళ్ళీ పెట్టాను, తప్పు నీదే” అని ఇంకొకరు. చాలామంది మొదటి పాటకే వెళ్ళిపోయారు. సాయంత్రానికి తీసివేస్తానని అతడు నాకు సందేశం పంపాడు. అందులో అక్షరదోషం ఒక్కటీ లేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఆ మధ్యాహ్నమే దుకాణానికి వెళ్ళాను.

“మాస్టారూ, అందరూ మావోణ్ణి ఎక్కిరిస్తన్నారంట. అందులో అంత తప్పేటున్నాది? నాకోపాలి సూపించండి” అన్నారు ఈశ్వరి గారు.

దీపం వేళ భక్తిపాటలు వేసే చిన్న స్పీకరుకు నా ఫోను కలిపి, గల్లాపెట్టె పక్కన ఉంచాను. ఉప్పుమడుల్లో పనిచేసే దాలమ్మ కందిపప్పు కోసం నిలుచుని ఉంది. ఎర్రన్న బల్ల మీద కూర్చుని పొగాకు నలుపుకుంటున్నాడు. పాట మొదలై, మొదటి చరణం ముగిసి, ఆగింది.

“ఏటమ్మా ఇది? మద్దెలో పేనం పోనట్టు ఆగిపోనాది!” అన్నది దాలమ్మ.

“ఆగిపోనేదే పిచ్చిదానా. ఆడు నన్ను పిలుస్తన్నాడు” అన్నాడు ఎర్రన్న.

పొగాకు పక్కన పెట్టాడు. తరువాతి ఖాళీ రాగానే గొంతెత్తాడు: “ఊఁ! అవునవును, సెప్పు సెప్పు!”

సరిగ్గా ఆ క్షణాన ఫోనులోని ఉమాశంకర్ చిన్నగా నవ్వి, తరువాతి చరణం అందుకున్నాడు. ఆ ఖాళీలన్నీ ఎర్రన్న కొలతకే కోసి ఉన్నాయి. పక్కింటివాడి పేరు తెలియదన్న పాట రాగానే ఎర్రన్న, “ఆడి పేరు తెలీదేట్రా? దాలమ్మ మొగుడు!” అని వంత వేశాడు.

“నా మొగుడి జోలికొస్తే పళ్ళు రాలగొడతాను, ముసలోడా!” అన్నది దాలమ్మ. అయినా తరువాతి ఖాళీకి ఆమె కూడా ‘ఊ’ కొట్టింది. పప్పు పొట్లం కట్టడం మరచి ఈశ్వరి గారు నవ్వుతున్నారు. దారిన పోయేవారు ఒకరిద్దరు సైకిళ్ళు ఆపారు. పైన గదిలో అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు ఆగింది.

చివరికి ఫోనులో అతడు పాట ఆపి, మాటల్లోకి దిగాడు. “గదిలో ఒకడున్నాడు. తలుపుకి గడియ నేదు. ఆడికీ తెలుసు, గడియ నేదని...” అని ఆగాడు.

ఎర్రన్న ముందుకు వంగాడు. “అది సరేగానొరే, ఆడు తిన్నాడేటి?”

రికార్డింగుకు ఆ ప్రశ్న ఏం తెలుస్తుంది? అది తన దారిన తాను కథ సాగించింది.

“సూసారా మాస్టారూ! అడిగితే సెప్పకుండా ఎలిపోతన్నాడు. నాను నేర్పిన మర్యాద ఇదేనేటి?” అంటూ ఎర్రన్న తల ఎత్తి, పైకప్పు పగిలేలా అరిచాడు: “ఒరే! ఆడు తిన్నాడా, నేదా?”

ఈశ్వరి గారు చేయి చాచి నా ఫోను నోరు తానే మూశారు.

మెట్ల పైనుండి, వాడుక తప్పి బొంగురుపోయిన గొంతు వినిపించింది: “తిన్నేదు మావా.”

“మరి తినకపోతే కథెలా సెప్తాడ్రా? రా!”

వచ్చాడు. కింద దాకా కాదు. మెట్ల మధ్యలో కూలబడ్డాడు. చంకలో జముకు ఉంది. ముఖమంతా చెమట. సైకిళ్ళవారిని చూసి ఒకసారి లేవబోయాడు. దాలమ్మ వారి వైపు తిరిగి, “అలా గుడ్లప్పగించి సూడకండి, ఊ కొట్టండి” అని కసిరింది. వారు బుద్ధిగా ‘ఊ’ కొట్టారు. అతడు మళ్ళీ కూర్చున్నాడు.

వ్యాధి ఆనాటితో నయమైందని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ కొన్ని వారాలు అతడు ఆ మెట్టు వరకు కూడా రాడు. వీడియోను మాత్రం తీసివేయలేదు. ఖాళీల్లో ఎవరికి వారే వంత వేసుకొమ్మని దాని కింద ఒక వాక్యం రాశాడు. రౌటరు సంగతి అడిగేవారు ఇంకా అడుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఎర్రన్నకు, దాలమ్మకు, పేరైనా అడగని ఆ సైకిళ్ళవారికి ఋణపడి ఉన్నాను. నా శిష్యుడి గొంతు నాకు మళ్ళీ వినిపించినవారు వారే.

ఆ రోజు ఈశ్వరి గారు పళ్ళెంలో అన్నమూ చేపల పులుసూ తెచ్చి కొడుకు ఒడిలో పెట్టారు. ఎర్రన్న నోటిదాకా వచ్చిన తరువాతి ప్రశ్నను ఆపుకొని, ఉమాశంకర్ మొదటి ముద్ద మింగేదాకా, బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు.