మా అత్త రిబ్బను మల్లెలు

మొన్న ప్రొద్దుటూరులో బట్టల బజారు దాటి వస్తుంటే ఒక కొత్త అంగడి ముందు ప్లాస్టిక్ పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ కనిపించాయి. ఇది గులాబీ, ఇది చామంతి అని అంగడివాడు చెప్పాడు కాబట్టి నమ్మాను గానీ, నా కళ్లకు మాత్రం అన్నీ రంగు పూసిన సీసా మూతల్లాగే ఉన్నాయి. పైగా రేకుల మీద మంచుబొట్లు కూడా అతికించారు. ఎండాకాలంలో, అదీ ప్రొద్దుటూరులో, మంచుబొట్లు! మాసిపోతే సబ్బు పెట్టి కడుక్కోవచ్చని కూడా వాడు నాకు ధైర్యం చెప్పాడు. పూలను గిన్నెల్లాగా తోముకునే కాలం వచ్చిందన్నమాట. ఈ కడుపుమంట నా ఈడువాళ్లకైతేనే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లు రిబ్బను పూలు ఎరుగుదురు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలో మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. నాయన చెల్లెలు, అంటే మా అత్త, ఇరవై రెండేళ్లకే భర్త పోయి మా ఇంటికి తిరిగొచ్చింది. ఆమె పూలు పెట్టుకోకూడదన్నారు, సరే. పూలు కట్టకూడదట, పూలబుట్ట ముట్టుకోకూడదట, పూలమ్మే ఆమె వీధిలోకి వస్తే లోపలికి పోవాలట. చేతులు ఊరుకోక ఆమె పక్కింటి దర్జీ సాయిబు భార్య దగ్గర రిబ్బను పూలు కుట్టడం నేర్చుకుంది. ఇది తప్పా ఒప్పా అని మా అవ్వ ఒక పూటంతా వక్కలు నములుతూ ఆలోచించి, చివరికి తీర్పు చెప్పింది: "గుడ్డే గదా, పువ్వు కాదు గదా, కుట్టుకోనీలే."

తెల్లటి సన్న రిబ్బనును ముక్కలుగా కోసి, ఒక అంచు వెంబడి దూరదూరంగా కుట్లు వేసి దారం లాగితే రేకులు ముడుచుకుని దగ్గరికొచ్చేవి. అడుగున పచ్చదారం చుడితే తొడిమ. సగ్గుబియ్యం గంజిలో ముంచి నీడన ఆరబెడితే రేకులు నిక్కి నిలబడేవి. నేను కుడితే గులాబీ ఉల్లిగడ్డ అయ్యేది. ఆమె కుడితే ఒకసారి తేనెటీగ వచ్చి అరగంట కూర్చుని, ఏమీ దొరక్క, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి వెళ్లిపోయింది. నేను చెప్పేవాటిలో ముప్పాతిక కొట్టేసి వినే మా ఇంట్లోవాళ్లు కూడా ఈ తేనెటీగను మాత్రం ఒప్పుకుంటారు.

అక్కకు ఎండాకాలంలో పెండ్లి కుదిరింది. అత్త రెండు నెలలు కూర్చుని, నడుము దాకా వచ్చే పూలజడ ఒకటి కుట్టింది, అంతా తెల్లమల్లెలు, మధ్యలో ఒక్క వరస కనకాంబరం. "నేను పందిట్లోకి రాకుంటే ఏమిలే పాపా, నా పూలు దాని జడలో కూచ్చుంటే సాలు" అనేది. ఆమె కోరిన కోరిక జన్మలో అదొక్కటే.

పెండ్లికి నాలుగు రోజుల ముందు పులివెందుల నుంచి పెద్దమ్మ దిగింది. అమ్మకు అక్క. రెండు కళ్లకూ శుక్లాలు, ముప్పై ఏళ్లుగా పీల్చిన నశ్యంతో ముక్కు మొద్దుబారిపోయింది. అయినా మా వైపు ఏ పెండ్లిలోనైనా చీర రంగు చెప్పాలన్నా, పూల వాసన చెప్పాలన్నా ఆమే పెద్ద. కారణం పులివెందులలో ఆమెకు మిద్దె ఉండటం. అత్త జడ సంగతి వినీ వినకముందే పెద్దమ్మ అంతెత్తున లేచింది.

"తాడు తెగిన చేతుల్తో కుట్టిన పూలు పెండ్లికూతురికి పెడతారంటనా? మీకేమన్నా మతి ఉండాదా?"

మూడేళ్లుగా గుడ్డగా ఉన్నది ఒక్క నిమిషంలో పువ్వయిపోయింది. అవ్వ తన తీర్పు గుర్తు చేస్తుందేమోనని చూశాను. అవ్వ వక్కలు వెతుక్కుంటూ ఉంది. నాయన పందిరి గుంజలు లెక్కపెట్టడానికి వీధిలోకి పోయాడు. చెన్నూరు నుంచి అసలు మల్లెపూల జడ కట్టించి బస్సులో తెప్పించాలని నిర్ణయమైంది. అత్త తన జడను మడిచి పాత చీరలో చుట్టుకుంది.

పెండ్లినాడు ఆ బస్సు చాపాడు దగ్గర చెడిపోయి ఎండలో సగం పగలు నిలబడింది. సాయంత్రం ముహూర్తానికి గంట ముందు బుట్ట వచ్చింది. వంటింటి వెనక నేనే విప్పాను. లోపల ఉన్నవి మల్లెలో, ఉడికిన తోటకూరో ఆ దేవుడికే తెలియాలి. ఆ తోటకూరను పెరట్లో పారబోసి, అత్త జడను తెచ్చి బుట్టలో పరిచిన అరటాకులోనే పెట్టి, వియ్యాలవారికని తెచ్చిన అత్తరు సగం సీసా వంచి, పైన ఆకు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, పెద్దమ్మ ముందు పెట్టాను. తాళి కట్టిన వెంటనే నిజం చెప్పేద్దామనుకున్నాను.

పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇవీ పూలంటే! శానా దూరం నుంచి వచ్చినా ఆ వాసన సూడు. గుడ్డపీలికలు కుట్టేవోళ్లకు ఏం తెలుస్తాది!"

చుట్టూ ఆరుగురు ఆడవాళ్లున్నారు. అందరికీ కళ్లున్నాయి, అందరికీ కుట్టు తెలుసు. ఒకావిడ వేలు కనకాంబరం వరసలో దారం మీద ఆగింది కూడా. ఆగి, "అవునక్కా, ఏం వాసన!" అంది. తక్కిన ఐదుగురూ వంత పాడారు. అంతమంది పిరికివాళ్లను ఒకే గదిలో నేను మళ్లీ చూడలేదు. ఏడోదాన్ని నేనని అప్పటికింకా తెలియలేదు.

అత్త వంటింటి తలుపు సందులోంచి అక్క వీపు చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. తాళి అయింది, భోజనాలయ్యాయి, అప్పగింతలయ్యాయి. నా నోరు మాత్రం పెగల్లేదు.

మూడోనాటికి కూడా ఆ పూలు వాడలేదు. వాడవు మరి! పెద్దమ్మ దాన్ని అమ్మవారి మహిమగా తేల్చి, జడను పళ్లెంలో పెట్టుకుని పులివెందులకు తీసుకుపోయి దేవుని గదిలో ప్రతిష్ఠించింది. బస్సులు కట్టుకుని వచ్చి చూశారని చెబితే మీరు నమ్మరు గానీ, ఎద్దుల బండ్లయితే వచ్చాయి. ఎవరూ ఒక్క రేకు తిప్పి చూడలేదు. నమ్మకం అంటే అంత శుభ్రంగా ఉండాలి.

మరుసటి ఏడు వాళ్లింట్లో పేరు పెట్టే శుభకార్యానికి పోయాం, అత్త కూడా వచ్చింది. దేవుని గది గడప దగ్గర పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే నిలబడు వదినా. నీ నీడ పడగూడదు. దూరం నుంచే మొక్కుకో."

అత్త చేతులు జోడించి, తాను కుట్టిన పూలకు తానే మొక్కింది. నా గొంతులోకి మాట వచ్చేసింది, నోరు తెరిచాను. అత్త అటు తిరగకుండానే నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది.

తిరుగు బస్సులో ఆమే మాట్లాడింది. "కొసనుంచి మూడో మల్లె కుట్టు వదులయితాంది, సూసినావా? సూది ఉన్నింటే రెండు కుట్లేసి వస్తా ఉంటి."

"చెప్పేద్దాం అత్తా, నువ్వు కుట్టినవేనని."

"చెప్తే తీసి పెంటలో ఏస్తారు. ఉండనీలే ఆడ."

ఆ తర్వాత ఆమె రిబ్బను ముట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. పెద్దమ్మ పోయింది, అత్త పోయింది, దేవుని గదిలో ఆ పళ్లెం ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు, అడిగే మొహం నాకెక్కడిది.

ఇప్పుడు పూలు ఎవరి చేతివని ఎవరూ అడగరు. ఈ ప్లాస్టిక్ గులాబీలు ఎవరు చేశారని నేనడిగితే, అంగడివాడు మిషను అన్నాడు. పెద్దమ్మ బతికి ఉంటే ఆ మిషనుకు తాడుందో తెగిందో కనుక్కుని గానీ కొనేది కాదు. నేను అలవాటు కొద్దీ ఒక పువ్వును వెనక్కి తిప్పి, తొడిమ దగ్గర కుట్టు కోసం వేలుపెట్టి తడిమాను.

"ఏం సూస్తాండావమ్మా, యాడా ఊడదులే" అన్నాడు వాడు.

ఆ మాట నిజమే. పువ్వును ఎక్కడిదక్కడే తగిలించి ఇంటికి వచ్చేశాను.