లేని ఎద్దులు

మా ఊరు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ, శిరివెళ్లకు దగ్గర. ఎనభైల మొదట్లో చిన్న రైతులకు సర్కారు ఎద్దుల జత ఇప్పించేది. ధరలో మూడో వంతు సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు. మాకు ఎద్దులైతే వచ్చాయి గానీ, ఆఫీసరు వాటిని కళ్లారా చూసి సంతకం పెడితేనే సబ్సిడీ పడుతుంది. పడకపోతే మొత్తం అప్పు మా నెత్తినే. తీర్చాలంటే ఆ ఎద్దులనే అమ్ముకోవాలి.

ఆ మహానుభావుడు ఊరికి రాడు. ఎద్దులే ఆయన దగ్గరికి పోవాలి. నాయన నంద్యాలకు తోలుకుపోతే సారు క్యాంపులో ఉన్నాడన్నారు. మళ్లీ పోతే సారు ఉన్నాడు, ఎద్దులను పరీక్షించాల్సిన పశువుల డాక్టరు లేడు. ఇంకోసారి ఆళ్లగడ్డకు రమ్మని, పోయాక మీటింగ్ అన్నారు. తారు రోడ్డు మీద నడిచి నడిచి గిట్టలు అరిగిపోయాయి. లాడాలు కొట్టే సాయిబు తాత నవ్వాడు.

"ఏందప్పా, సేద్యానికి తెచ్చుకుంటివా, ఊరేగింపుకు తెచ్చుకుంటివా?"

నాయనకు నవ్వే ఓపిక కూడా లేదు. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంట" అనేది. చర్చికి పోయేదానివి, నీకు పూజారి గొడవెందుకని అత్త ఎగతాళి చేసేది.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. నల్లరేగడి సంగతి తెలిసిందే. తడి మీద దిగితే కాళ్లు కూరుకుపోతాయి, ఆరిపోతే గింజ మొలవదు. ఆ నడుమ ఉండే పదునులోనే జొన్న విత్తాలి. చేను సరిగ్గా పదునుకు వచ్చిన పూట తలారి వచ్చాడు. మరుసటి రోజు ఎద్దులను ఆళ్లగడ్డకు తోలుకురావాలని, ఇదే ఆఖరని చెప్పి పోయాడు.

నాయన అరుగు మీద కూలబడ్డాడు. "పోతే పదును పోతాది. పోకుంటే దుడ్లు పోతాయి."

"సంతకం తింటామా, జొన్నలు తింటామా? గొర్రు కట్టు," అంది అమ్మ.

మరుసటి రోజు పొద్దున్నే నాయన గొర్రు కట్టాడు. అమ్మ వెనక గింజలు పోసింది. నేను సద్ది మోశాను. పొద్దు వాలేసరికి చేను అయిపోయింది. ఎద్దులు చెప్పినట్టు విన్నాయి. నాయన మాత్రం చాలు తిరిగినప్పుడల్లా ఆళ్లగడ్డ వైపు చూస్తూనే ఉన్నాడు.

ఆ తెల్లారి నాలుగు ముక్కలు చదువుకున్నదాన్నని నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆఫీసరు తలెత్తలేదు.

"నిన్న రాకపోతివి కదా. ఎద్దులు లేవని రాసేసినాం."

"ఉండాయి సార్. నిన్న విత్తనం ఏస్తాండాయి."

"సూపించినోళ్లకే ఉన్నట్టు. పోప్పా."

"వచ్చి సూడండి సార్. చేలో వాటి అడుగులు ఇంకా ఆరలేదు."

అప్పటికే ఆయన వెనకవాణ్ణి పిలిచాడు. నాకు కోపంతో ఏడుపొచ్చింది. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఊళ్లో వాటికి లేని ఎద్దులని పేరు పడింది. "అన్నా, నీ లేని ఎద్దులు ఒక పూట ఇస్తావా?" అని బదులు అడిగేవాళ్లు. నాయన ఇచ్చేవాడు. జొన్న బాగా పండింది, ఆ ఏడు తిండికి లోటు రాలేదు. కానీ బ్యాంకువాళ్లు వచ్చి మొత్తం అప్పు కట్టమన్నారు. సబ్సిడీ ఆఫీసుకు లేని ఎద్దులు బ్యాంకుకు మాత్రం ఉన్నాయి.

నాయన వాటిని సంతకు తోలుకుపోయాడు. అదే తారు రోడ్డు, అవే లాడాల చప్పుడు. ఎద్దును అమ్మినా దాని మెడకు కట్టిన పలుపు ఇవ్వకూడదంటారు మా వైపు. సాయంత్రం రెండు పలుపులు భుజాన వేసుకుని ఒక్కడే వచ్చాడు. వాటిని గొర్రు మీద పడేసి అమ్మతో అన్నాడు.

"ఇప్పుడు నిజంగానే లేవు. రాసుకోమను."