చరిత్ర క్లాసులో ఊ కొట్టినందుకు

మొన్న మా తమ్ముడి మనవరాలు యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఎం.ఏ. చరిత్రలో కొత్తగా చేరిన పిల్ల. ఎవరి కులానికి కథ చెప్పేవాళ్లు ఎవరో, వాళ్ల పటాలు ఏమైపోయాయో కనుక్కుని రమ్మని వాళ్ల సారు మొదటి వారంలోనే పని అప్పగించాడట. ఈమె లేచి మా బచ్చన్నపేట మాటలోనే ఏదో చెబితే క్లాసంతా చప్పట్లు కొట్టిందట. మంచిది బిడ్డా అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఫోన్ పెట్టేశాక నాకు కడుపు మండిపోయింది. పిల్ల మీద కాదు ఆ మంట.

పటం కథ అంటే నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కోతలైనాక చిల్పూరు దిక్కు నుంచి మా కులం కథ చెప్పేవాళ్లు వచ్చి, మా తాతముత్తాతల బొమ్మలున్న పొడుగాటి గుడ్డ పటాన్ని వాడకట్టు నడుమ వేలాడదీసి, బెత్తంతో ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ రాగం తీసి చెప్పేవారు. ఎదురుగా కూర్చున్నవాడు మాట మాటకూ ఊ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు, ఇక్కడ నా మాట వినేవాడు లేడని. ఆయనకు అంతకన్నా అవమానం లేదు. మా వాడలో ఆ ఊ కొట్టే మర్యాద మా బాపుది, ఆయన అలసిపోతే నాది. నాకు చరిత్ర మీద పిచ్చి పట్టింది అక్కడే, ఏ పుస్తకమో చూసి కాదు. టీచర్ ట్రైనింగ్ చేస్తే తొందరగా నౌకరీ వస్తుందని ఊరంతా చెప్పినా, మన కతలే చదువుతాడట పోనీయండి అని బాపు ఒక్కడే నా పక్కన నిలబడ్డాడు.

యూనివర్సిటీలో మొదటి క్లాసు. కోస్తా నుంచి వచ్చిన పెద్ద సారు, చేతిలో కాగితం ముక్కయినా లేకుండా కాకతీయుల సంగతి ఎత్తుకున్నాడు. ఎంత బాగా చెప్పాడంటే, నేను బెంచీ మీద కూర్చున్నానన్న సోయే లేదు. ఆయన ఒక మాట ముగించి ఊపిరి తీసుకున్నాడు, నేను గట్టిగా ఊ అన్నాను. ఇంకో మాట చెప్పాడు, మళ్లీ ఊ అన్నాను. క్లాసు గొల్లుమంది. సారు మొహం నల్లబడింది, వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు, బయటికి పొమ్మన్నాడు.

తర్వాత ఆయన గదికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "మా దిక్కు కత చెప్తుంటె ఊ కొట్టకపోతె చెప్పేటాయినకు మర్యాద తక్కువ సార్. గందుకే కొట్టిన" అన్నాను. ఆయన నా మాట విని నవ్వి, పక్కనున్న వాళ్లను చూసి, "ముందు మనిషిలా మాట్లాడటం నేర్చుకుని రావయ్యా, చరిత్ర సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. పక్కవాళ్లూ నవ్వారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

ఆనాటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ ఊగాణ్ణే. చివరి బెంచీలో నోరు కుట్టుకుని కూర్చున్నాను, హాస్టల్లో ఒంటరిగా వాళ్ల మాట సాధన చేశాను. తర్వాత మహబూబాబాద్‌లో లెక్చరర్‌నై రిటైరయ్యేదాకా ఆ అరువు మాటతోనే పాఠాలు చెప్పాను. మీది జనగామ దిక్కంటే నమ్మలేం సార్ అని మెచ్చుకునేవారు. ఏం మెప్పు అది!

ఆ మొదటి ఏడే చలికాలం సెలవులకు ఇంటికి పోయేసరికి పటం కథవాళ్లు దిగి ఉన్నారు. బాపు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు కూర్చోబెట్టాడు. "నా కొడుకు గిప్పుడు గీ కతల సదువే సదువుతుండు. ఇయ్యాల ఊ కొట్టుడు వానిదే" అని అందరికీ చెప్పాడు. కథ చెప్పే ముసలాయన మురిసిపోయి, నాకు దండం పెట్టి మొదలుపెట్టాడు. ఒక మాట చెప్పి నా మొహంలోకి చూశాడు. నోరు తెరిచాను, ఊ రాలేదు. చెవుల్లో క్లాసు నవ్వే వినిపిస్తోంది. ఆయన అదే మాట మళ్లీ చెప్పి ఆగాడు. వాడంతా నన్నే చూస్తోంది. వెనక నుంచి బాపు ఊ అన్నాడు, కథ అయ్యేదాకా తానే అన్నాడు.

ఏమైంది కొడకా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నీ దగ్గర నేర్చుకున్నదానికే నన్ను గెంటేశారు బాపూ అని ఏ నోటితో చెప్పను? ఆ తర్వాత నా చదువు సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు కాలం మారింది. మా మాట మాట్లాడేవాడు సినిమాలో హీరో అవుతున్నాడు. పటాలు మ్యూజియాల్లో అద్దాల వెనక వేలాడుతున్నాయి. ఆ ముసలాయన మనవలు భూపాలపల్లి దిక్కు బొగ్గు పనికి పోయారు, వాళ్లకు కథ రాదు. పిల్ల నిన్న మళ్లీ ఫోన్ చేసి, నువ్వు విన్నది చెప్పు తాతా, రికార్డు చేసుకుంటా అంది. చెబుతాను, ఎందుకు చెప్పను? మర్యాద వచ్చిందంటే సంతోషమే. కానీ బాపు మాత్రం, చదువుకున్న కొడుకు తనను చూసి సిగ్గుపడ్డాడనే అనుకుని పోయాడు.