కూసే చేట

నాన్న టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా రిటైరై, గురజాల దగ్గరి మా ఊరికి వచ్చేసిన ఏడాది అమ్మ చేట ఒకటి మాయమైంది. రెండు రోజుల తరువాత అది వసారాలో కనిపించింది. దాని అంచు చుట్టూ రాగి తీగ ఉంది. పట్టుకోవడానికి ఒక వెదురు కర్ర, ఆ కర్రకు కట్టిన మా పాత ట్రాన్సిస్టర్.

"బియ్యం చెరుక్కునే చేటకు ఈ వేషమేంది?" అంది అమ్మ.

"నేలలో ఇనుముంటే చెబుద్ది ఇది. నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే సాయిబు దగ్గర నేర్చుకొచ్చా."

చేటను నేలకు ఆనీ ఆననట్టు తిప్పుతుంటే రేడియో సన్నగా గుర్రుమనేది. కింద లోహం ఉంటే కీచుమని కూసేది. ఆ కూత మొదటిసారి విన్నరోజు నాన్న అన్నం తినడం మర్చిపోయాడు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం దున్నిన చేలల్లో, బండ్లబాట వెంట నాన్నా నేనూ తిరిగేవాళ్ళం. చేట కూసినచోట నేను పాత గరిటెతో తవ్వి, దొరికినదాన్ని నా డైరీ చివరి పేజీల్లో రాసేదాన్ని. దొరికేవాటిలో ముప్పాతిక వంతు ఎద్దుల నాడాలు, వాటి మేకులే. ఒకసారి మాత్రం దూడ మెడలోని చిన్న గంట దొరికింది. మట్టి కడిగి ఊపితే మోగింది. ఇద్దరం చేలో నిలబడి చాలాసేపు దాన్ని మోగిస్తూనే ఉన్నాం.

అరుగుల మీద వాళ్ళు ఊరుకునేవారు కాదు.

"ఏంది బాబాయ్, కొండవీటి కోట నిధి మనూరికొచ్చిందా?"

"వచ్చిందిరా. బంగారం మీరు తీసుకోండి, నాడాలు నాకిడవండి."

నేను తల వంచుకుని ఆయన వెనకే నడిచేదాన్ని. నలుగురున్నచోట నాకు నోరు పెగలదు.

అలా ఉండగా ఎదురింటి పెద్దమ్మ బంగారు ఉంగరం పోయింది. స్నానానికి పోతూ గూట్లో పెట్టానని, వచ్చేసరికి లేదని చెప్పింది. ఆ గూడు దాటి లోపలికి వచ్చేది వాళ్ళ పశువుల కొట్టం ఊడ్చే అక్క ఒక్కతే. పెద్దమ్మ ఆమెను దొంగ అనలేదు. "రేపటి నుంచి రావద్దులే" అంది. అంతే, మర్నాటి నుంచి మిరప కోతలకు కూడా ఆమెను ఎవరూ పిలవలేదు. రోజూ మా గడప దగ్గర ఆగి "ఏమే పుస్తకాల పురుగూ, ఏం చదివావ్?" అని అడిగే మనిషి తలెత్తకుండా వెళ్ళిపోతోంది. ఆమె తీసి ఉండదని పెద్దమ్మతో అనాలనుకున్నాను. అనలేక డైరీలో రాసుకున్నాను. మూడోరోజు నాన్నతో చెప్పాను.

"ఆ మాట అప్పుడే చెప్పొద్దా? చేట పట్టుకురా," అన్నాడు.

పెద్దమ్మ పెరడంతా వెతికాం. చేట స్నానాల బండ దగ్గర కూసింది, మేకు. నీళ్ళ కాలువలో కూసింది, డబ్బా మూత. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు నవ్వుతున్నారు.

"నీ చేట బియ్యానికే మేలు మరిదీ," అంది పెద్దమ్మ.

నాన్న చేయి నొప్పెట్టి కర్ర నాకిచ్చి మంచినీళ్ళకు వెళ్ళాడు. జనానికి దూరంగా పోదామని నేను పిడకలు కొట్టిన వెనక గోడ వైపు జరిగాను. చేటను గోడకు ఆనించానో లేదో, కూసింది! పక్కకు జరిపితే ఆగింది. మళ్ళీ ఆ పిడక ముందుకు తెస్తే కూసింది.

"నాన్నా! ఇక్కడ!" అన్నాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

"గోడలో మేకుండుద్దిలే," అంటూ వచ్చాడు.

పిడకను పీకాను. ఖాళీ గోడ ముందు చేట కూయలేదు. పిడక ముందు పెడితే కూసింది. దాన్ని రెండుగా విరిచాను. లోపల పచ్చగా మెరిసింది.

పెద్దమ్మ తన వేలు చూసుకుంది. ఆ మధ్య వచ్చిన జ్వరానికి వేళ్ళు సన్నబడ్డాయి. పేడ కలుపుతుంటే ఉంగరం అందులోకి జారిపోయిందన్నమాట. "గూట్లో పెట్టింది ముందురోజు గావాల," అంది నీరసంగా. తరువాత ఉంగరమైనా కడగకుండా, ఆ పిడక ముక్క పట్టుకుని వీధిలో నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం.

అక్క తన గుమ్మంలో గిన్నెలు తోముతోంది.

"ఏంది పెద్దమ్మా, నా పొయ్యిలోకి పిడకలు తెచ్చావా?"

"తప్పయిందే. నా చేత్తో నేనే దీంట్లో కలిపి కొట్టా."

అక్క ఉంగరం వైపు చూడలేదు, నవ్వలేదు. నా వైపు తిరిగింది. "దొరికినయ్యన్నీ రాస్తావంట గదా. ఇదీ రాయి. రాసి అందరికీ ఇనపడేట్టు చదువు."

ఆమె మెట్టు మీద కూర్చుని, వెంట తెచ్చిన డైరీలో రాశాను. లేచి నిలబడి చదివాను. "పెద్దమ్మ ఉంగరం, పెద్దమ్మ కొట్టిన పిడకలో దొరికింది. అక్క తీయలేదు."

"గట్టిగా!"

మళ్ళీ చదివాను. ఈసారి వీధి చివరి అరుగు మీద వాళ్ళు కూడా తలలు తిప్పారు. సరిగ్గా అప్పుడే నాన్న చేతిలోని చేట అక్క తోమిన గిన్నెల మీదికి వాలి కీచుమంది. అందరికంటే ముందు అక్కే నవ్వింది.

"రేపు పొద్దున్నే వస్తా పెద్దమ్మా," అంది చేతులు కడుక్కుంటూ. "కానీ పిడకలు మాత్రం ఇక నేనే కొడతా."