సక్కుబాయేనా?

ఖాజాగూడలో సకినాలు చేసి అమ్మే సక్కుబాయి తన పేరుతోనే వెబ్‌సైటు నడిపేది. చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల వాళ్లు అందులోనే ఆర్డర్లు పెట్టేవాళ్లు. అదే పేరును ట్రేడ్‌మార్కు చేసుకున్న ఒక పెద్ద కంపెనీ, సైటు పేరు తమకే చెందాలని, అలాంటి పేర్ల తగాదాలు తీర్చే సంస్థకు ఫిర్యాదు చేసింది.

జవాబు రాయడానికి కూతురు ప్రియదర్శిని కూర్చుంటే, సక్కుబాయి గడపకు వచ్చినవాళ్లతో మాట్లాడినట్టే చెప్పింది. "పేరుదేముంది, మీదే అనుకోండ్రి. జర మమ్మల్ని గూడ బతకనియ్యుండ్రి."

కూతురు అలాగే రాసి పంపింది. తీర్పరులకు 'మీదే' అన్న ఆ మర్యాదే సాక్ష్యమైంది. సైటు పేరు కంపెనీకి పోయింది.

మర్నాడు పాత గిరాకీ ఒకామె ఫోన్ చేసింది. "సక్కుబాయేనా?"

పుట్టినప్పటినుంచీ ఆ పేరుకు తడుముకోకుండా పలికిన మనిషి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి కూతురి వైపు చూసింది.

"అవునంటే ఏమన్న అంటరా, బిడ్డా?"