ఎమ్ రెండు కాకూడదు

మా లెక్కల మాస్టారు మొన్న మంగళవారం పోయారు. మన్యం జ్వరం. కొత్తగా వచ్చిన మాస్టర్లు నెల తిరక్కుండానే ఈ జ్వరానికి జడిసి కొండ దిగిపోతుంటే, ఆయన మాత్రం పంతం పట్టి ఉండిపోయారు. చివరికి జ్వరం పంతమే నెగ్గింది.

పోయినవారిని గురించి మంచి మాటలే రాయాలట. అలా రాస్తే ఆయనే లేచి వచ్చి నా చెవి మెలిపెడతారు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆయనంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. రెండూ నిజమే.

కొండ మీది హుకుంపేట సంతలో మా నాన్నది ఉప్పు కొట్టు. చిన్నప్పుడు నాకు ఇదే జ్వరం వస్తే మాస్టారు తన కోసం దాచుకున్న క్వినైను తెచ్చి తాగించి, మంచం పక్కనే కూర్చుని లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది. "రేపు చెబుదురుగాని బాబూ" అని మా అమ్మ బతిమాలింది. "రేపటికి వీడుంటాడని ఏమిటమ్మా నీ నమ్మకం?" అన్నారు. నేను బతికాను, లెక్కలూ వచ్చాయి. ఇవాళ తాలూకా కచేరీలో నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ లెక్కల చలవే.

ఎంత ఎండలోనూ కోటు బొత్తాలన్నీ పెట్టుకునేవారు. సుద్దముక్క అరిగి గోరంత మిగిలినా పారెయ్యనిచ్చేవారు కాదు. వర్గ సమీకరణాలు మొదలుపెట్టిన రోజున ఆయన మొదటి మాట ఇది: "సూత్రం తరవాత. ముందు అందులో ఎక్స్ వర్గం ఉందో లేదో చూడండి. దాని ముందున్న గుణకం సున్నా అయిందా, అది వర్గ సమీకరణమే కాదు. అది చూసుకోనివాడికి నా బడిలో చోటు లేదు."

బెదిరింపనుకున్నాం.

మా తరగతిలో కొండవాడు ఒక్కడే ఉండేవాడు, సోంబ్రు. నా ప్రాణ స్నేహితుడు. మాస్టారికి వాడంటే ప్రాణం. సాయంత్రం తన వసారాలో కూర్చోబెట్టి పాఠం చెప్పి, తన కంచంలోది తీసి వాడికి పెట్టేవారు. "వీడు నన్ను మించిపోతాడు" అని మా ముందే అనేవారు. అప్పట్లో కొండలో ఘాట్ రోడ్డు వేస్తున్నారు. కొండవాళ్ళ ఇంటికొక కుర్రాణ్ని వెట్టికి పట్టుకుపోయేవారు. బడిలో పేరున్నవాణ్ని మాత్రం వదిలేసేవారు. ఆ పేరొక్కటే సోంబ్రుకు అడ్డం.

పై తరగతికి పంపేముందు ఒక్కొక్కణ్నీ బోర్డు దగ్గరకు పిలిచి ఒక లెక్క ఇవ్వడం మాస్టారి పద్ధతి. తప్పితే పేరు కొట్టెయ్యడమే. సోంబ్రుకు ఇచ్చిన లెక్క నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఎక్స్ వర్గం ముందు బ్రాకెట్లో ఎమ్ మైనస్ రెండు, ఆ పక్కన మూడు ఎక్స్, ఆపైన అయిదు. మొత్తం సున్నాకు సమానం. ఎమ్ ఎంతైతే ఇది వర్గ సమీకరణం?

వాడు మెరుపులా సూత్రం వేసి, బోర్డు నిండా ముత్యాల్లా రాసి, "ఎమ్ ఎంతైనా అవుతాది బాబూ" అన్నాడు.

"ఎమ్ రెండైతే?"

వాడు బోర్డు వైపు తిరిగి చూశాడు. మాస్టారు అక్కడే వాడి పేరు కొట్టేశారు.

సాయంత్రం వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. "ఒక్కసారికి వదిలెయ్యండి మాస్టారూ, రోడ్డు పనికి పట్టుకుపోతారు" అని ఏడ్చాను.

"నేను జాలిపడితే ఎమ్ మారుతుందా?" అన్నారు.

ఆ ఏటి వానలకు చరియ విరిగి రోడ్డు పని మీదున్న వాళ్ళను కప్పేసింది. అందులో సోంబ్రు ఉన్నాడు. కబురు తరగతిలో ఉండగా వచ్చింది. మాస్టారు బోర్డు తుడిచి, అదే లెక్క మళ్ళీ రాసి, "చెయ్యండి" అన్నారు. అందరం చేశాం. ఒక్కడూ తప్పలేదు.

మొన్న ఆయన శవాన్ని కొండ కింద మైదానపు ఊళ్ళో ఉన్న భార్యకు చూపించాలని, డోలీలో వేసి ఘాట్ రోడ్డు మీదుగా దింపారు. మోసింది వెట్టివాళ్ళే. వాళ్ళలో సోంబ్రు తండ్రి ఒకడు. నేను పక్కనే నడుస్తున్నాను. చాలా దూరం వచ్చాక అతను నన్ను అడిగాడు.

"బాబూ, మా గుంటడు తప్పిన నెక్క ఏటి?"

"ఎమ్ రెండు కాకూడదని చెప్పాలి మామా. వాడు చెప్పలేదు."

"అంతేనా?"

"అంతే."

చరియ విరిగిన మలుపు వచ్చింది. "ఒక్కపాలి దించుదుం బాబూ, మా గుంటడు ఈడనే పోనాడు" అన్నాడతను. డోలీ వెంట వస్తున్న కచేరీ జవాను వీల్లేదన్నాడు. "వానొస్తోంది, బేగి నడండి."

అతను భుజం మార్చుకుని నడిచాడు. దుప్పటిలోంచి బయటికొచ్చిన మాస్టారి పాదం, మలుపు దాటేదాకా, అడుగు అడుగుకీ అతని చెంపకు తగులుతూనే ఉంది.